బెర్తా బెంజ్

బెర్తా బెంజ్ (మే 3, 1849 – మే 5, 1944) జర్మనీ దేశానికి చెందిన మోటారు వాహన రంగ మార్గదర్శకురాలు. పెట్రోలు ఇంజనుతో నడిచే కారును రూపొందించిన కార్ల్ బెంజ్ భార్య. 1888 ఆగష్టులో తన ఇద్దరు కుమారులతో కలిసి మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు మోటారు బండిలో ప్రయాణించి, మోటారు వాహనంలో దూర ప్రయాణం చేసిన మొదటి వ్యక్తిగా ప్రసిద్ధి చెందింది. ఈ ప్రయాణానికి సంబంధించి ఒక చెప్పులు కుట్టే పనివాని చేత బండి బ్రేకు దిమ్మెలకు తోలు వేయించిన సంఘటన వలన, బ్రేకు లైనింగుకు ఆద్యురాలిగా కూడా ఈమెను పేర్కొంటారు. నేటి కార్లు, బస్సులు, ఇల్లు వంటి సదుపాయాలతో తిరిగే మోటారు హోముల వరకు అన్నింటిలోనూ అరిగినప్పుడల్లా మార్చవలసిన బ్రేకు ప్యాడ్ల చరిత్ర చెప్పేటప్పుడు ఈమె పేరుతోనే మొదలుపెట్టడం ఆనవాయితీ అయింది.

బాల్యము, విద్య

బెర్తా పూర్తి పేరు సిసిలీ బెర్తా రింగర్. నైరుతి జర్మనీలోని బాడెన్ రాజ్యానికి చెందిన ఫోర్జ్‌హైమ్ పట్టణంలో జన్మించింది. ఫోర్జ్‌హైమ్ బంగారు నగల తయారీకి పేరుపొందిన పట్టణం. తండ్రి కార్ల్ ఫ్రీడ్రిక్ రింగర్ వడ్రంగం పనితో పైకి వచ్చి, ఇళ్ళు కట్టించే వ్యాపారంలో సంపన్నుడైనవాడు. తల్లి పేరు ఆగస్టె. మళ్ళీ ఆడపిల్లే పుట్టిందన్న నిరాశ ధ్వనించే మాటను తండ్రి కుటుంబ బైబిలులో ఆమె పుట్టిన తేదీ పక్కన రాసుకున్నాడనీ, పెరిగిన తరువాత ఆమె దానిని చూసిందనీ చెబుతారు. అయితే తండ్రి ఆమెను చదివించడంలో వెనుకాడలేదు. ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో ఆమె చదువుకున్నది. చిన్ననాటి నుండి యంత్రాలు ఎలా పనిచేస్తాయన్న కుతూహలం ఆమెకు ఉండేది. కాని ఆ కాలంలో స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు. బాడెన్‌లో ఆ అవకాశం 1900లో గాని రాలేదు. అప్పటికి బెర్తా వయసు యాభై దాటింది.

కార్ల్ బెంజ్‌తో పరిచయము, వివాహము

1869లో మౌల్‌బ్రాన్ అనే ప్రాచీన మఠాన్ని చూడడానికి వెళ్ళిన విహారయాత్రలో బెర్తాకు కార్ల్ బెంజ్ పరిచయమయ్యాడు. కార్ల్ అప్పటికి ఆస్తిపాస్తులు లేని యువ ఇంజనీరు. రైలింజను డ్రైవరైన తండ్రి కార్ల్ పసితనంలోనే మరణించగా, తల్లి కష్టపడి అతనిని కార్ల్స్‌రూహె పాలిటెక్నిక్‌లో చదివించింది. గుర్రాలు లేకుండా నడిచే బండి గురించి అతడు చెప్పిన మాటలను శ్రద్ధగా విన్నవారిలో బెర్తా మొదటి వరుసలో ఉన్నది.

1871లో కార్ల్ మాన్‌హైమ్ పట్టణంలో ఆగస్ట్ రిట్టర్ అనే భాగస్వామితో కలిసి ఒక చిన్న ఇనుప సామాను కర్మాగారాన్ని స్థాపించాడు. కొద్దికాలానికే భాగస్వామితో పొత్తు కుదరక కర్మాగారం చేజారిపోయే స్థితి ఏర్పడింది. అప్పుడు బెర్తా పెళ్ళికి ముందే తన కట్నం సొమ్మును తండ్రి నుండి తీసుకొని, రిట్టర్ వాటాను కొనడానికి కాబోయే భర్తకు ఇచ్చింది. కర్మాగారం నిలబడింది. జూలై 20, 1872న వారి వివాహం జరిగింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. పెళ్ళికాని యువతిగా ఆమె తన సొమ్మును తన ఇష్టప్రకారం వ్యాపారంలో పెట్టగలిగింది. పెళ్ళయిన తరువాత ఆనాటి చట్టం ప్రకారం ఆమె ఆస్తిపై, వ్యవహారాలపై పెత్తనం భర్తకు చేరింది. కావున తరువాత వచ్చిన పేటెంటులో గాని, కంపెనీ పత్రాలలో గాని ఆమె పేరు కనబడదు. మొదటి పెట్టుబడిదారులలో ఒకరు ఆమెయే అన్నది చరిత్రకారులు చాలాకాలం తరువాత పట్టించుకున్న సంగతి.

ఈ దంపతులకు ఐదుగురు సంతానం: యూజెన్ (1873), రిచర్డ్ (1874), క్లారా (1877), తిల్డె (1882), ఎలెన్ (1890).

కష్టకాలము

1873 తరువాత జర్మనీలో ఏర్పడిన ఆర్థిక మాంద్యంలో బెంజ్ కర్మాగారం బాగా దెబ్బతిన్నది. పనిముట్లు సైతం అప్పుల వాళ్ళ పాలయ్యే రోజులు వచ్చాయి. పిల్లలు చిన్నవాళ్ళు, ఇంట్లో డబ్బు లేదు, కార్ల్ మాత్రం ఇంజను మీద పని మానలేదు. 1879 సంవత్సరం చివరి రాత్రి, కొత్త సంవత్సరం వచ్చే వేళ, అప్పటివరకు మొరాయిస్తున్న అతని రెండు స్ట్రోకుల ఇంజను ఆగకుండా నడిచింది. ఆ రాత్రి కర్మాగారంలో అతని పక్కన ఉన్నది బెర్తాయే. మరొకసారి ప్రయత్నించి చూద్దామని భోజనం తరువాత భర్తను కర్మాగారానికి తీసుకువెళ్ళినది కూడా ఆమెయేనని చెబుతారు.

1883 అక్టోబరులో మాక్స్ రోజ్, ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ ఎస్లింగర్ అనే ఇద్దరు వ్యాపారస్తులతో కలిసి కార్ల్ బెంజ్ అండ్ కంపెనీని స్థాపించాడు. ఒకచోట స్థిరంగా ఉండి పనిచేసే ఇంజన్లు అమ్ముడుపోయి ఇల్లు గడవసాగింది. భాగస్వాములకు కావలసినది కూడా అదే. బండి తయారీ వారికి అనవసరపు ఖర్చుగా తోచింది.

మోటారు బండి

జనవరి 29, 1886న కార్ల్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు చేశాడు. దాని సంఖ్య 37435. అదే సంవత్సరం జూలై 3న మాన్‌హైమ్ వీధులలో బండిని బహిరంగంగా నడిపాడు. మొదటి నమూనాలో ఒకే సిలిండరు గల 954 ఘన సెంటీమీటర్ల ఇంజను వెనుక భాగంలో అడ్డంగా అమర్చబడి ఉండేది. శక్తి ముప్పావు అశ్వశక్తికి మించదు. బండి బరువు సుమారు 265 కిలోలు, గరిష్ఠ వేగం గంటకు 16 కిలోమీటర్లు. ఇంజను నుండి తోలు బెల్టు, అక్కడి నుండి రెండు గొలుసులు శక్తిని వెనుక చక్రాలకు అందించేవి. పెట్రోలు ట్యాంకు అంటూ వేరే లేదు. కార్బురేటరులో పట్టే నాలుగున్నర లీటర్లే ఇంధనం. ఇంజను చల్లబడడానికి నీరు ఆవిరైపోతూ ఉండేది కాబట్టి దారిలో తరచుగా నీళ్ళు పోయవలసి వచ్చేది.

బండిని ఆపే ఏర్పాటు గుర్రపు బండ్ల నుండి వచ్చినదే. ఒక మీటను లాగితే చెక్క దిమ్మెలు వెనుక చక్రాలను ఒరుసుకొని బండి నిదానించేది. గుర్రపు బండికి ఇది చాలేది. ఎందుకనగా పల్లంలో బండిని కొంతవరకు గుర్రమే నిలవరిస్తుంది. మోటారు బండికి ముందు గుర్రం లేదు. బరువంతా ఆ రెండు చెక్క ముక్కల మీదనే పడుతుంది. మాన్‌హైమ్ సమతల ప్రదేశం కావడం వలన ఈ లోపం అక్కడ తిప్పిన రెండేళ్ళలో పెద్దగా బయటపడలేదు.

బండి నడిచినా కొనేవారు రాలేదు. చూడవచ్చిన జనం ఆశ్చర్యపడి ఇళ్ళకు వెళ్ళిపోయేవారు. పరిపూర్ణంగా తయారయ్యే దాకా దూరం పంపరాదన్నది కార్ల్ స్వభావం. ఊరు దాటి వెళ్ళగలదని చూపించనిదే ఎవరూ కొనరన్నది బెర్తా అభిప్రాయం.

1888 ప్రయాణము

1888 ఆగష్టు నెలలో, పాఠశాల సెలవులలో, ఒకనాడు తెల్లవారుజామున బెర్తా తన కుమారులు యూజెన్ (15 ఏళ్ళు), రిచర్డ్ (13 ఏళ్ళు)తో కలిసి మూడవ నమూనా బండిని చప్పుడు కాకుండా బయటకు తోసుకువచ్చి, కొంతదూరం వెళ్ళిన తరువాత ఇంజను తిప్పి బయలుదేరింది. భర్తకు చెప్పలేదు. ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వెళ్తున్నట్లు ఇంట్లో చీటీ మాత్రం పెట్టింది. దూరం సుమారు 104 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాదు నుండి నల్గొండకు వెళ్ళినంత. నేడు రెండు గంటల పని. ఆ రోజున మాత్రం బండికి తగిన రోడ్డు లేదు, దారి చూపే పలకలు లేవు, ఇంధనం దొరికే చోటు లేదు.

హైడెల్‌బర్గ్ మీదుగా వీస్లోఖ్ చేరేసరికి ఇంధనం అయిపోవచ్చింది. అక్కడి పట్టణపు మందుల దుకాణంలో బట్టలపై మరకలు పోగొట్టడానికి అమ్మే లిగ్రోయిన్ అనే ద్రవాన్ని బెర్తా కొన్నది. దుకాణదారు విల్లీ ఓకెల్. అదే ఇంధనంగా పోసి ముందుకు సాగారు. వీస్లోఖ్ మందుల దుకాణాన్ని ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకుగా చెప్పుకోవడం ఈ కొనుగోలు వల్లనే.

దారిలో ఇంధనపు గొట్టం పూడుకుపోగా తన టోపీకి గుచ్చుకున్న పొడవాటి పిన్నుతో దానిని శుభ్రం చేసింది. ఇగ్నిషన్ తీగ ఒరుసుకుపోయినప్పుడు మేజోడు జారకుండా కట్టుకునే పట్టీని విప్పి తీగకు చుట్టింది. బ్రూఖ్‌జాల్‌లో ఒక కమ్మరి సాగిపోయిన గొలుసును సరిచేశాడు. నీళ్ళు దొరికిన ప్రతిచోటా ఆగి ఇంజనుకు పోశారు. విల్ఫర్డింగెన్ ప్రాంతంలో నేల ఎత్తుగా లేవడం మొదలైంది. ఇంజనుకు ఆ ఎక్కుడు మోసే బలం లేదు. ఒకరు బండిలో కూర్చుంటే మిగిలినవారు దిగి వెనుక నుండి తోసేవారు. ఎదురైన పల్లెవాళ్ళ సాయం కూడా తీసుకున్నారు.

చీకటి పడే వేళకు ఫోర్జ్‌హైమ్ చేరారు. బెర్తా భర్తకు తంతి పంపింది. కొద్ది రోజుల తరువాత మరొక దారిన మాన్‌హైమ్ తిరిగివచ్చారు. దారి పొడవునా జనం గుంపులుగా వచ్చి చూశారు. ఈ ప్రయాణాన్ని గురించి కార్ల్ బెంజ్ 1925లో వెలువరించిన తన ఆత్మకథలో రాశాడు. కుటుంబ సభ్యులు చెప్పిన వివరాలు దానికి తోడయ్యాయి. సంఘటనకు, రాతకు నడుమ ముప్పై ఏడేళ్ళ వ్యవధి ఉండడం చేత చిన్న చిన్న వివరాలలో కథనాలు ఒకదానితో ఒకటి సరిపడవు.

బ్రేకుకు తోలు

ఎక్కుడు కష్టమే గాని ప్రమాదం కాదు. బండి ఆగిపోతే దిగి తోయవచ్చు. పల్లంలో అలా కాదు. ఫోర్జ్‌హైమ్ చుట్టూ ఉన్న కొండ ప్రాంతంలో దిగుడు దారులు వచ్చినప్పుడు చెక్క దిమ్మెల పని బయటపడింది. వరుసగా నొక్కి పట్టడం వలన అవి వేడెక్కి, మాడి, నున్నబడి, పట్టు కోల్పోయాయి. బండిలో ఉన్నది ఆమె, ఆమె ఇద్దరు పిల్లలు.

బౌష్‌లోట్ అనే గ్రామంలో బెర్తా ఒక చెప్పులు కుట్టే పనివానిని వెతికి పట్టుకొని, బ్రేకు దిమ్మెల మీద తోలు ముక్కలు మేకులతో కొట్టించింది. చెప్పు అడుగుకు వాడే గట్టి తోలు నేలను పట్టుకోవడానికి, ఒరిపిడికి ఓర్చుకోవడానికి పుట్టినదే. ఆ పనివానికి అది చెప్పు అడుగు మార్చడం కంటే పెద్ద పని అయి ఉండదు. అతని పేరు చరిత్రకు ఎక్కలేదు. ఫోర్జ్‌హైమ్‌కు ఉత్తరాన ఉన్న ఈ గ్రామం స్మారక మార్గపు పటంలో తిరుగు ప్రయాణపు దారిలో ఉన్నది.

దీనితోనే బ్రేకు లైనింగు పుట్టిందని సాధారణంగా చెబుతారు. ఈ మాటను కొంత జాగ్రత్తగా తీసుకోవాలి. దిమ్మెలకు మునుపే ఉన్న తోలు అరిగిపోతే దానినే కొత్తగా మార్పించిందని చెప్పే కథనాలు కూడా ఉన్నాయి. పైగా పల్లెటూళ్ళ బరువు బండ్లకు పాత బూట్ల తోలు కట్టి పల్లంలో దించడం ఐరోపా రైతులకు తెలిసిన ఉపాయమే. అయినప్పటికీ ఈ సంఘటన విలువ తగ్గదు. ఆపే యంత్రాంగం ఒకటి, దాని మీద అరిగే పొర మరొకటి. అరిగే పొరను యంత్రాంగంతో సంబంధం లేకుండా దారిలోనే మార్చుకోవచ్చు, పరిస్థితికి తగిన పదార్థాన్ని ఎంచుకోవచ్చు. నేటి బ్రేకు ప్యాడు ఆధారపడినది ఈ విభజన మీదనే. మోటారు వాహనం విషయంలో దానిని దారి మధ్యలో, అవసరం కొద్దీ ఆచరణలో పెట్టిన తొలి వ్యక్తిగా బెర్తాను చెప్పవచ్చు.

అంతకంటె ముఖ్యమైనది ఆమె ఇంటికి వచ్చిన తరువాత చెప్పినది. ఎక్కుళ్ళ కోసం బండికి మరొక తక్కువ గేరు అవసరమని ఆమె, పిల్లలు కార్ల్‌కు తెలిపారు. కార్ల్ ఆ మార్పు చేశాడు. తక్కువ గేరు ఎక్కడానికి మాత్రమే పనికివస్తుందని అప్పుడు అనుకొని ఉండవచ్చు. కాని పల్లంలో వాహనాన్ని ఇంజను చేతనే నిలవరించి, బ్రేకు మీద భారం తగ్గించడానికి డ్రైవర్లు నేడు ఆశ్రయించేది కూడా తక్కువ గేరునే. తోలు వేయించడం, గేరు అడగడం ఒకే సమస్యకు రెండు వైపుల నుండి దొరికిన జవాబులు.

ప్రయాణ ఫలితము

1888 సెప్టెంబరులో మ్యూనిక్ నగరంలో జరిగిన యంత్రాల ప్రదర్శనలో బెంజ్ బండిని వీధులలో నడిపి చూపగా బంగారు పతకం లభించింది. వెనువెంటనే జర్మనీలో కొనుగోళ్ళు వెల్లువెత్తలేదు. 1886–1893 మధ్య మూడు చక్రాల బండ్లు పాతిక వరకు మాత్రమే తయారయ్యాయి. వాటిలో చాలా వరకు పారిస్‌లోని ఎమిల్ రోజే ద్వారా ఫ్రాన్సులో అమ్ముడుపోయాయి. 1893లో నాలుగు చక్రాల విక్టోరియా, 1894లో తేలికైన వేలో నమూనాలు వచ్చిన తరువాత వ్యాపారం పుంజుకున్నది. 1899లో ఆ కంపెనీ 572 వాహనాలు తయారుచేసి ప్రపంచంలోకెల్లా పెద్ద కార్ల సంస్థగా నిలిచింది. ఒక్క ప్రయాణమే ఇదంతా సాధించిందని అనడం అతిశయోక్తి. నమ్మకం లేని భాగస్వాముల ఎదుట, సందేహిస్తున్న భర్త ఎదుట బండి నూరు కిలోమీటర్లు వెళ్ళి తిరిగి రాగలదని రుజువు చేయడం మాత్రం ఆ ప్రయాణం చేసిన పనే.

తోలు తరువాత బ్రేకు పట్టీలు

తోలుకు పరిమితులు ఉన్నాయి. తడిస్తే, నూనె అంటితే జారుతుంది. ఎక్కువ వేడికి మాడుతుంది. వాహనాల బరువు, వేగం పెరిగేకొద్దీ వేరే పదార్థం అవసరమైంది. ఇంగ్లాండులోని డెర్బీషైర్ కొండ ప్రాంతంలో హెర్బర్ట్ ఫ్రూడ్ (1864–1931) అనే ఆయన పల్లం దిగే బండ్లకు రైతులు పాత బూట్లు కట్టడం గమనించి, 1897 నుండి నూలు పట్టాలతో బ్రేకు దిమ్మెలు చేయడం మొదలుపెట్టాడు. తన పేరులోని అక్షరాలను తారుమారు చేసి, ఒక అక్షరం చేర్చి ఫెరోడో అని పేరు పెట్టాడు. 1908 నుండి ఆయన ఆస్బెస్టాస్ వాడసాగాడు. ఆస్బెస్టాస్ వేడికి చలించదు, చవక. అందువలన దాదాపు ఎనభై ఏళ్ళు బ్రేకు లైనింగులలో రాజ్యమేలింది. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి కేన్సరుకు కారణమవుతుందని రుజువైన తరువాత బ్రిటన్ 1999లోను, ఐరోపా సమాఖ్య 2005 నాటికి పూర్తిగాను నిషేధించాయి. పాత వాహనాల బ్రేకులు విప్పినప్పుడు గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టరాదని హెచ్చరించడం ఇందువల్లనే.

డిస్కు బ్రేకుకు ఇంగ్లాండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు పొందినా, 1953లో లెమాన్స్ పందెంలో జాగ్వార్ కార్లు వాటితో గెలిచిన తరువాతనే వాటికి ఆదరణ వచ్చింది. డిస్కును రెండు వైపుల నుండి నొక్కే ముక్కకే ప్యాడు అని పేరు. నేటి ప్యాడ్లలో నారలు, రబ్బరు, రెసిన్ కలిపినవి, లోహపు పొడి, ఉక్కు నారలు ఎక్కువగా గలవి, సెరామిక్ నారలు గలవి అని ముఖ్య రకాలు.

బౌష్‌లోట్‌లో ఎదురైన ప్రశ్న నేడు అత్యంత తీవ్రంగా ఎదురయ్యేది మోటారు హోములకే. వ్యాను లేదా బస్సు ఛాసిస్ మీద పడకలు, వంటగది, నీళ్ళ ట్యాంకు నిర్మించిన ఈ వాహనం ఎప్పుడూ నిండు బరువుతోనే తిరుగుతుంది. ఐరోపాలో సాధారణ కారు లైసెన్సుతో నడపగల వాటి బరువు పరిమితి 3500 కిలోలు. అంటే మొదటి బెంజ్ బండికి పదమూడు రెట్లు. అటువంటి వాహనం 300 మీటర్ల ఎత్తు నుండి కేవలం బ్రేకు మీద దిగితే పుట్టే వేడి సుమారు కోటి జూల్స్. 30 లీటర్ల మామూలు నీటిని మరిగించడానికి సరిపోయే వేడి అది. హైదరాబాదు తూర్పున మీర్‌పేట్ వంటి శివార్ల నుండి నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్ళేవారికి, ఈగలపెంట దాటాక కృష్ణా లోయలోకి దిగే మలుపులలో ఈ లెక్క అనుభవంలోకి వస్తుంది. అతిగా వేడెక్కిన ప్యాడులోని రెసిన్ నుండి వాయువులు వెలువడి ప్యాడుకు, డిస్కుకు నడుమ పొరగా నిలుస్తాయి. పెడలు గట్టిగానే ఉంటుంది, వాహనం మాత్రం ఆగదు.

కావున మోటారు హోముకు ప్యాడ్లు మార్చేటప్పుడు చూడవలసినది బండి పైనున్న ఇంటి పేరు కాదు, కింద ఉన్న ఛాసిస్ తయారీదారు, దాని ఇరుసు బరువు. చూడడానికి ఒకే రకంగా ఉన్న వ్యానుకు తేలిక, బరువు ఛాసిస్‌లలో వేర్వేరు ప్యాడ్లు ఉండడం సాధారణం. చాలా ప్యాడ్ల అంచు మీద రెండు ఆంగ్ల అక్షరాల గుర్తు ముద్రించి ఉంటుంది. మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండవది అధిక వేడిలో ఘర్షణ గుణకాన్ని తెలుపుతుంది. ఇ అంటే 0.25–0.35, ఎఫ్ అంటే 0.35–0.45, జి అంటే 0.45–0.55. రెండవ అక్షరం మొదటిదానికంటె తక్కువ స్థాయిదైతే ఆ ప్యాడు వేడిలో పట్టు తప్పుతుందని అర్థం. ఘాట్ రోడ్డుకు ఈ రెండవ అక్షరమే ప్రాణాధారం. ఈ అక్షరాలు ప్యాడు మన్నికను గాని, నాణ్యతను గాని తెలుపవు. లోహపు పాలు ఎక్కువ ఉన్నవి వేడికి బాగా ఓర్చుకుంటాయి గాని చప్పుడు చేస్తాయి, డిస్కును అరగదీస్తాయి. సెరామిక్ రకం చప్పుడు, దుమ్ము తక్కువ. అయితే బరువు వాహనానికి అన్ని సెరామిక్ ప్యాడ్లూ పనికిరావు. ఒక ఇరుసుకు ఉన్న రెండు చక్రాలకూ ఒకేసారి, ఒకే రకం మార్చాలి. లేనియెడల వాహనం ఒక పక్కకు లాగుతుంది.

మోటారు హోముకు మరొక ప్రత్యేకత ఉన్నది. అది తిరిగే రోజుల కంటె నిలిచి ఉండే రోజులు ఎక్కువ. ప్యాడు మందం తగ్గకపోయినా డిస్కు తుప్పుపట్టడం, బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకోవడం జరుగుతాయి. తేమ చేరిన ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే ఘాట్ దిగడం కూడా సరికాదు. కొంతదూరం నెమ్మదిగా బ్రేకు వేస్తూ ప్యాడును డిస్కుకు అలవాటు చేయాలి.

ఉత్తర జీవితము

1903లో కంపెనీ యాజమాన్యంతో అభిప్రాయభేదాల వలన కార్ల్ రోజువారీ పనుల నుండి తప్పుకున్నాడు. కుటుంబం మాన్‌హైమ్‌కు సమీపంలోని లాడెన్‌బర్గ్ పట్టణానికి తరలివెళ్ళింది. అక్కడ 1906లో తండ్రి, పెద్దకుమారుడు యూజెన్ కలిసి బెంజ్ అండ్ సన్స్ అనే పేరుతో వేరొక కర్మాగారం ప్రారంభించారు. పాత కంపెనీ 1926లో డైమ్లర్ సంస్థతో విలీనమై డైమ్లర్–బెంజ్ అయింది. ఏప్రిల్ 4, 1929న కార్ల్ మరణించాడు. కార్ల్ తన ఆత్మకథలో, జీవితపు పడవ మునిగిపోయేలా ఉన్న రోజులలో తనతో నిలిచినది ఒక్క బెర్తాయేనన్న భావాన్ని స్పష్టంగా వ్యక్తం చేశాడు. భర్త మరణం తరువాత ఆమె పదిహేనేళ్ళు జీవించింది. రెండు ప్రపంచ యుద్ధాలు చూసింది.

మే 3, 1944న, ఆమె 95వ జన్మదినం నాడు, కార్ల్స్‌రూహె సాంకేతిక విశ్వవిద్యాలయం ఆమెకు గౌరవ సెనేటర్ బిరుదు ప్రదానం చేసింది. కార్ల్ చదువుకున్న పాలిటెక్నిక్ తరువాతి రూపమే ఈ విశ్వవిద్యాలయం. బెర్తా యువతిగా ఉన్న రోజులలో అటువంటి విద్యాలయాల తలుపులు స్త్రీలకు మూసి ఉండేవి. బిరుదు వచ్చిన రెండు రోజులకు, మే 5, 1944న, ఆమె లాడెన్‌బర్గ్‌లోని తన ఇంట్లో మరణించింది. భర్త సమాధి పక్కనే ఆమెను ఖననం చేశారు.

స్మారకాలు

1888 ప్రయాణ మార్గాన్ని 2008లో బెర్తా బెంజ్ స్మారక మార్గంగా గుర్తించి, దారి పొడవునా పలకలు నాటారు. వెళ్ళిన దారి, వచ్చిన దారి కలిపి దాని పొడవు 194 కిలోమీటర్లు. వీస్లోఖ్ మందుల దుకాణం ఎదుట ఆనాటి కొనుగోలుకు గుర్తుగా ఒక స్మారకం ఉన్నది. లాడెన్‌బర్గ్‌లోని పూర్వపు కర్మాగారం ప్రదర్శనశాలగా మారింది. 2016లో అమెరికాలోని ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమె పేరు చేర్చబడింది. అప్పటికే ఆమె భర్త పేరు అక్కడ ఉన్నది.